ఆంగ్లమున సర్వనామ పదబంధములు: తెలుగు విద్యార్థి తెలిసికొనవలసిన సంగతులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రామమున పుట్టి, డిగ్రీ చదువు ముగించి, ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధపడదలచిన యువకుడు నేడు తరచుగా చేరునది హైదరాబాదు నగరములోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతము. ముగ్గురు నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొందురు. తెల్లవారినది మొదలు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున చోటు సంపాదించుకొనుటయే వారికి తొలి పరీక్ష. వారి సంచులలో చరిత్ర, ఆర్థికశాస్త్రము, రాజ్యాంగము మున్నగు విషయములపై తెలుగు అకాడమి వెలువరించిన గ్రంథములుండును. 1968వ సంవత్సరమున స్థాపితమైన ఆ అకాడమి నెలకొన్నది ప్రక్కనేయున్న హిమాయత్‌నగరులో. ఉన్నతవిద్యను తెలుగులో బోధించుటకు వలయు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను సిద్ధపరచుట దాని ముఖ్యోద్దేశము. కావున కాకతీయుల చరిత్రయైనను, పంచవర్ష ప్రణాళికలైనను గ్రామీణ విద్యార్థి తన భాషలోనే చదివికొనగలుగుచున్నాడు. ఆ సంచి అడుగున ఆంగ్ల వ్యాకరణము ఒకటి ఉండును. దానిని తెరచునపుడు మాత్రము అతని ముఖము చిన్నబోవును.

ఈ భయము అకారణమైనది కాదు. రాష్ట్ర గ్రూప్-1 ప్రధాన పరీక్షలలో జనరల్ ఇంగ్లీషు అను పత్రము కలదు. దాని ప్రమాణము పదవ తరగతి ప్రమాణమే. దాని మార్కులు తుది వరుసక్రమమునకు కలిసిరావు. అయినను అందు అర్హత పొందనివాని మిగిలిన పత్రములు ఎంత చక్కగా వ్రాసినను ఫలము లేదు. తెలుగులో వందల పుటలు కంఠస్థము చేసిన ప్రజ్ఞావంతుడు ఒక చిన్న ఆంగ్ల పత్రము గడప దాటలేక వెనుదిరుగుట సంభవమే. అట్టి పత్రములలో తప్పులు దిద్దుమని ఇచ్చు వాక్యములను పరిశీలించినచో వానిలో పెక్కింటియందు తప్పు దాగియుండునది పెద్ద పదములలో కాదు. 'వి', 'దెమ్', 'ఈచ్', 'దోజ్' వంటి చిన్న మాటల చుట్టును. ఈ చిన్న మాటలు ఒంటరిగా నిలువక, తోడుగా మరికొన్ని పదములను చేర్చుకొని గుంపుగా నిలిచినపుడు దానిని సర్వనామ పదబంధమందురు. 'ఆల్ ఆఫ్ అస్', 'సమ్‌థింగ్ న్యూ', 'దోజ్ హూ కేమ్', 'వి విలేజర్స్' అనునవి అట్టివి.

ముందుగా పేరునే విచారింపవచ్చును. లాటిను భాషలోని 'ప్రోనోమెన్' అను మాటకు నామమునకు బదులు వచ్చునది అని అర్థము. ఆంగ్లేయుల 'ప్రొనౌన్' దానినుండియే వచ్చినది. సంస్కృత వైయాకరణులు ఈ త్రోవ త్రొక్కలేదు. పాణిని 'సర్వ' శబ్దము మొదలుగా గల శబ్దముల పట్టికకు సర్వనామ సంజ్ఞ చేసెను. ఆ మాటలు ఎట్లు ప్రవర్తించునో ఆతడు చూచెనేగాని దేనికి బదులు వచ్చునో చెప్పుటకు పూనుకొనలేదు. బడులలో చెప్పెడి 'నామమునకు బదులు వచ్చునది సర్వనామము' అను లక్షణము లాటిను వారిది. అది సగము మాత్రమే సత్యము. 'బావివద్దనున్న పెద్ద వేపచెట్టు గాలికి పడినది. దానిని కోయించిరి' అన్న వాక్యములో 'దానిని' అను మాట ఒక్క 'చెట్టు'కు బదులు వచ్చినది కాదు. 'బావివద్దనున్న పెద్ద వేపచెట్టు' అను మొత్తమునకు బదులు వచ్చినది. అనగా సర్వనామము పదమునకు కాక పదబంధమునకు ప్రతినిధి.

ఈ ఒక్క సంగతి తెలిసినచో ఆంగ్ల సర్వనామముల నడక చాలవరకు బోధపడును. పెద్దది, వేపది, బావివద్దది అను విశేషణములన్నియు ఆ 'ఇట్' అను మాట కడుపులోనే ఇమిడియున్నవి. కావుననే ఆంగ్లమున 'హి', 'ఇట్' మున్నగు వానికి ముందు మరల విశేషణము చేర్చుట సామాన్యముగా సాగదు. చేర్పవలసివచ్చినపుడు ఆ భాష విశేషణమును సర్వనామమునకు వెనుక పెట్టును. 'క్రొత్త సంగతి' అనుటకు 'న్యూ థింగ్' అనిన ఆంగ్లేయుడే 'ఏదో క్రొత్తది' అనవలసినపుడు 'సమ్‌థింగ్ న్యూ' అనును. 'సమర్థుడగువాడెవడైన' అనుటకు 'ఎనీవన్ కేపబుల్' అనును.

తెలుగున నడక దీనికి సరిగా ఎదురు. తెలుగు సర్వనామము విశేషణమును తన ముందు పెట్టుకొనుటయేగాక దానితో అతుకుకొనిపోవును. మంచివాడు, చిన్నది, ఊరివారు, వచ్చినవారు, నిన్న చదివినది – ఇవియన్నియు ఒక్కొక్క మాటగా వినిపించుచున్నను నిజమునకు సర్వనామ పదబంధములే. 'వచ్చినవారు' అను మాటలో 'వచ్చిన' అనునది క్రియనుండి పుట్టిన విశేషణము. 'వారు' అనునది సర్వనామము. ఆంగ్లేయుడు ఇదే భావమును 'దోజ్' అని మొదలుపెట్టి, 'హూ' అను వంతెన వేసి, 'కేమ్' అని ముగించును. తెలుగువాడు మడచి కట్టిన బట్టను ఆంగ్లేయుడు విప్పి పరచినట్లుండును. 'గ్రంథాలయమునకు పుస్తకములిచ్చినవారు' అను మాటను ఆంగ్లములోనికి మార్చునపుడు విద్యార్థి చివరనున్న 'వారు'ను ముందుకు తెచ్చి, ఆ మీద 'హూ' వేసి, పిమ్మట క్రియను, అటుపైన కర్మను చెప్పవలెను: 'దోజ్ హూ గేవ్ బుక్స్ టు ద లైబ్రరీ'. తెలుగు వాక్యమును తుదినుండి మొదటికి చదువుట అలవరచుకొన్నవానికి ఇది మూడు దినముల పని. అలవరచుకొననివానికి మూడేండ్లయినను పట్టువడదు.

ఇక 'ఆఫ్' అను మాటతో ఏర్పడు పదబంధములకు వత్తము. పరీక్షలలో పెక్కుమంది తొట్రుపడు స్థలమిదియే. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఎ టీచర్' అనుట శుద్ధము. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనుట వీధులలో వినవచ్చు మాట. ఈ తప్పు తెలుగువాడు చేయుట ఒక వింత. ఏలయన అతని మాతృభాష అతనికి సరియైన ఉత్తరమునే అందించుచున్నది. 'నా స్నేహితులలో ఒకడు' అని తెలుగున బహువచనమే వాడుదుము; 'నా స్నేహితునిలో ఒకడు' అని పసిబాలుడును అనడు. తప్పు చేయువాడు తెలుగు తెలిసి తప్పు చేయుటలేదు. తెలుగును మరచి, విన్న ఆంగ్లమును గ్రుడ్డిగా అనుకరించి తప్పు చేయుచున్నాడు. మాతృభాషవలన ఆంగ్లము చెడునని చెప్పువారు ఈ ఉదాహరణమును గమనింపవలెను.

అట్టి పదబంధములలో క్రియ ఎవరి ననుసరించును? 'ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హ్యాజ్ ఎ బుక్' అను వాక్యమున క్రియకు ప్రక్కనున్నది 'బాయ్స్'. అది బహువచనము. దానిని చూచి విద్యార్థి 'హ్యావ్' అని వ్రాయును. కాని ఆ గుంపునకు పెద్ద 'ఈచ్'. తక్కినవి దాని వెంట వచ్చినవి. ఊరేగింపులో ముందు నడచువాని ననుసరింపవలెనుగాని, ప్రక్కన తగులుకొన్న వానిని కాదు. 'ఈచ్', 'వన్', 'ఈదర్', 'నీదర్' అనునవి పెద్దలైనచోట వ్రాతలో ఏకవచనమే క్షేమము. 'నన్ ఆఫ్ దెమ్' అనుచోట మాత్రము ఏకవచనమును, బహువచనమును రెండును శిష్టసమ్మతములు. అచ్చట బహువచనము తప్పని దండించు ఉపాధ్యాయులు ఆంగ్లేయులకన్న ఎక్కువ ఆంగ్లేయులు. 'ఆఫ్' తరువాత వచ్చు సర్వనామము సామాన్యముగా ద్వితీయా రూపమున ఉండును. 'ఆల్ ఆఫ్ అస్' అనవలెను, 'ఆల్ ఆఫ్ వి' అనరాదు. అదే భావమును 'మేమందరము' అను తెలుగు వరుసలో 'వి ఆల్' అనియు చెప్పవచ్చును.

హైదరాబాదున ఈ ప్రకరణమునకు మరియొక చిక్కు కలదు. హిమాయత్‌నగర్, నారాయణగూడ వీధులలో తెలుగును ఉర్దువును జంటగా వినవచ్చును. ఈ సాన్నిహిత్యమునకు పాత చరిత్ర ఉన్నది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరుగగా ఆంగ్లము నిర్బంధ పాఠ్యభాషగా ఉండెడిది. తెలుగు బాలికలకు తెలుగున చదువు చెప్పుటకై 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన పాఠశాల నారాయణగూడలోనిది. మూడు భాషలు ఇరుగుపొరుగున కాపురముండగా ఒకదాని నుడికారము మరియొకదానిలోనికి ప్రవేశించుట సహజము. ఉర్దూలో 'హమ్' అను మాటను ఒక్కడును తన్నుగూర్చి వాడుకొనవచ్చును. 'ఆప్' ఒక్కరిని గౌరవించుటకును వచ్చును. కావున పలువురని స్పష్టపరచుటకు 'లోగ్' అను మాట చేర్చి 'హమ్ లోగ్', 'ఆప్ లోగ్' అందురు. ఇవియు సర్వనామ పదబంధములే. 'ఆప్ లోగ్' అనుటలో గౌరవమునకు లోటు లేదు. దానినే మాటకు మాటగా 'యు పీపుల్' అని మార్చి, ఇంటర్వ్యూలో ఎదుటనున్న పెద్దలతో పలికినచో అది ఆంగ్లము వినువారి చెవికి తూష్ణీంభావముగా, కొంత నిందగా కూడ తోచును. అన్నవాని మనసులో అపరాధము లేదు, వినినవారి మనసు నొచ్చును. 'ఆల్ ఆఫ్ యు' అనినచో ఆ దోషము లేదు.

అసలు ఆంగ్లమునకును ఇట్టి గుంపుమాటల అవసరము ఏల కలిగెను? ఒకప్పుడు ఆ భాషలో 'నీవు' అనుటకు 'దౌ' అను మాటయు, 'మీరు' అనుటకు 'యీ', 'యు' అను రూపములును ఉండెడివి. కాలక్రమమున మర్యాదకై ఏకవచనమునను 'యు' వాడుటచేత 'దౌ' సామాన్య వ్యవహారమునుండి తొలగిపోయెను. మర్యాద ఎక్కువై సంఖ్యాభేదమును మ్రింగివేసినది! అందుచేత 'యు' అనినపుడు ఎదుట ఒక్కడున్నాడో, నలుగురున్నారో తెలియదు. తెలియవలసినచోట 'యు టు', 'ఆల్ ఆఫ్ యు' అని తోడుమాటలు చేర్పవలసియున్నది.

మర్యాద ప్రస్తావన వచ్చినది గనుక ఒక చిన్నమాట. తెలుగు విద్యార్థికి తన ప్రధానోపాధ్యాయుని 'హి' అనుటకు నోరాడదు. 'వారు' అను భావముతో 'దెయ్' అని వ్రాయును. ఆంగ్లమున మర్యాద సర్వనామములలో లేదు. 'వుడ్', 'కైండ్లీ' వంటి మాటలలో ఉన్నది. రాష్ట్రపతియైనను 'హి' లేక 'షి' యే. ఇటీవల స్త్రీపురుష నిర్ణయము చేయకుండ ఒక్క వ్యక్తిని 'దెయ్' అనుట ఆంగ్లమున విస్తరించుచున్నది. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు వారు ఈ మాటనే ఆ సంవత్సరపు పదముగా ఎన్నుకొనిరి. కాని అది గౌరవార్థకము కాదని గుర్తుంచుకొనవలెను.

ఇంటర్వ్యూలలో మరియొక అలవాటు. పేరడిగినంతనే 'మైసెల్ఫ్' అని మొదలుపెట్టి పేరు చెప్పుట. 'మైసెల్ఫ్' అను మాట అదే వాక్యములో ముందొకచోట 'ఐ' అనునది ఉన్నపుడు దానికి ప్రతిధ్వనిగా వచ్చునది. ధ్వనియే లేనపుడు ప్రతిధ్వని ఎక్కడిది? 'ఐ యామ్' అని చెప్పినచో సరిపోవును. ఇట్లే 'బిట్వీన్ యు అండ్ ఐ' అనుటయు. రెండు సర్వనామములు 'అండ్'తో జంటయైనపుడు ఒకదానిని మూసి రెండవదానిని మాత్రము చదివి చూడవలెను. తెలుగున 'నీకును నాకును నడుమ' అని రెండింటికిని విభక్తిని విడివిడిగా చేర్చుచున్నాము. ఆంగ్లమునను అట్లే 'యు అండ్ మీ' అని రెండును ద్వితీయలో ఉండవలెను.

ఇప్పుడు గ్రామమునకు మరింత దగ్గరి సంగతి. రహదారి చెడిపోయినదని కలెక్టరునకు అర్జీ వ్రాయునపుడు 'వి, ద విలేజర్స్' అని ఆరంభింతురు. సర్వనామమును నామమును ప్రక్కప్రక్కన నిలిపి కట్టిన పదబంధమిది. ఇందు పెద్ద ఎవరు – 'వి'యా, 'విలేజర్స్' అను మాటయా? అమెరికా భాషాశాస్త్రవేత్త పాల్ పోస్టల్ 1966లో ఈ ప్రశ్ననే ఎత్తి, 'వి టీచర్స్' వంటి చోట్ల 'వి' అనునది 'ద' అనుదాని జాతికి చెందినదని వాదించెను. పండితులలో ఆ చర్చ సాగినది. అర్జీదారునకు కావలసినది ఇంతమాత్రమే: క్రియయు, తరువాతి సర్వనామములును 'వి' ననుసరించును. 'వి, ద విలేజర్స్, రిక్వెస్ట్ యు టు రిపేర్ అవర్ రోడ్' అనవలెను. మధ్యలో 'విలేజర్స్' అను మాట వచ్చినదని 'దెయిర్ రోడ్' అని వ్రాసినచో, గ్రామస్థులు తమ రోడ్డును పరుల రోడ్డుగా చెప్పుకొన్నట్లగును. తెలుగున ఈ ప్రమాదము తక్కువ. 'గ్రామస్థులము' అని నామమే ఉత్తమ పురుష ప్రత్యయమును ధరించుచున్నది. 'మేము' అని వేరుగా చెప్పకున్నను మేమే అని తెలియును. నామముపై 'ము' చేర్చి 'మేము'ను తెలుపు ఈ సౌకర్యము ఆంగ్లమునకు లేదు.

ఈ కట్టుబడిలో మిక్కిలి ప్రసిద్ధమైనది భారత రాజ్యాంగ పీఠిక ఆరంభము: 'వి, ద పీపుల్ ఆఫ్ ఇండియా'. 1949 నవంబరు 26న రాజ్యాంగసభ ఆమోదించిన శాసనమునకు కర్త ఆ సర్వనామ పదబంధమే. రాజులు గాని, పార్లమెంటు గాని కర్తలు కారు. అశోక్‌నగరులో రాజ్యాంగము చదువు ప్రతి విద్యార్థియు ఈ ఐదు మాటలు వల్లించును. కాని తెలుగులోనికి తెచ్చునపుడు తలయెత్తు సమస్యను కొలదిమందియే గమనింతురు. ఆంగ్లమున 'వి' ఒక్కటే. తెలుగున 'మేము' వేరు, 'మనము' వేరు. వినువానిని విడిచినది మొదటిది. వినువానిని కలుపుకొన్నది రెండవది. భారత ప్రజలందరును కలిసి పలుకు మాట కనుక 'మనము' అనదగునని ఒకరికి తోచవచ్చును. తెలుగు పాఠ్యపుస్తకములలో కనబడునది 'మేము'. ప్రజలు ఒకరితోనొకరు ముచ్చటించుకొనుటలేదు. ఒక నిర్ణయమును లోకమున కెల్ల ప్రకటించుచున్నారు. ప్రకటించువానికి 'మేము' తగును. రాజ్యాంగము తమకై తాము ఇచ్చుకొన్నది గనుక 'మనము' అనుటకును బలము లేకపోలేదు. ఏది ఉత్తమమన్నది అట్లుండ, ఈ ప్రశ్న తెలుగువానికే పుట్టును. ఆంగ్లము మాత్రమే ఎరిగినవానికి పుట్టదు.

'మన గ్రంథాలయము' అన్నను, 'మా గ్రంథాలయము' అన్నను ఆంగ్లమున 'అవర్ లైబ్రరీ' యే. సభకు వచ్చిన అతిథితో 'మా గ్రంథాలయము' అనుటయు, ఊరివారితో 'మన గ్రంథాలయము' అనుటయు తెలుగున సహజముగా వచ్చును. ఈ భేదము ఆంగ్ల లేఖలో నిలువవలెననిన 'ఆల్ ఆఫ్ అస్ హియర్' అనియో, 'వి ఆన్ ది కమిటీ' అనియో పదబంధమును పెంచి చెప్పవలసియుండును.

ఇందుకన్న నష్టదాయకమైన సందిగ్ధత మరియొకటి కలదు. అది భూమి కాగితములకు సంబంధించినది. 'అధికారి రైతుతో తన భూమి కొలువబడినదని చెప్పెను' అనినచో ఆ భూమి అధికారిది. 'అతని భూమి' అనినచో అధికారిది కాదు, రైతుదని తీసికొందురు. తెలుగున 'తన', 'అతని' అను రెండు మాటలు కర్తను, ఇతరుని వేరుపరచును. ఆంగ్లమున రెండింటికిని 'హిజ్' ఒక్కటియే. 'ది ఆఫీసర్ టోల్డ్ ద ఫార్మర్ దట్ హిజ్ ల్యాండ్' అని చదివినవానికి ఎవరి భూమియో వాక్యమువలన తేలదు. 'హిజ్ ఓన్' అనినచో కొంత మేలు, కాని అదియును నిశ్చయము కాదు.

1958లో ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై హైదరాబాదున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలసెను. అది 1972లో విదేశ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. అట్టి విద్యాస్థానమునకు పోగలవారు కొందరే. తక్కినవారికి ఈ గ్రంథాలయమునకు వచ్చు ఆంగ్ల దినపత్రిక చాలును. దినమునకొక వార్తను తీసికొని, అందు కనబడు ప్రతి సర్వనామము క్రింద గీత గీయవలెను. దాని తోడుమాటలు ఎంతవరకు సాగినవో గుర్తింపవలెను. అందు పెద్ద ఎవరో తేల్చవలెను. అది ఎవరిని చెప్పుచున్నదో ప్రక్కన తెలుగున వ్రాయవలెను. 'వి' అన్నచోట మేమా, మనమా? 'హిజ్' అన్నచోట తనదా, అతనిదా? నిర్ణయింప వీలుకానిచోట తప్పు చదువరిది కాకపోవచ్చును, వ్రాసినవానిదే కావచ్చును. అర్జీ గాని, ఒప్పందము గాని తామే వ్రాయునపుడు అట్టి స్థలము తారసిల్లినచో సర్వనామమును విడిచి 'ద ఫార్మర్స్ ల్యాండ్' అని నామమునే మరల వ్రాయవలెను. ఒకే మాట రెండుమారులు వచ్చినదని శైలి చెడునేమో. భూమి మాత్రము చేయి దాటదు.